నాలుగో ఫ్రిజ్‌లో పెంగ్విన్ మట్టి

దక్షిణ ధ్రువం వైపు మంచు దీవి మీద ఉన్న ఆ పరిశోధన స్టేషన్ వంటింట్లో చాంగ్‌మాన్‌కి ఇది మూడో చలికాలం. పద్దెనిమిది మందికి రోజూ మూడు పూటలు వండి పెట్టాలి. ఫిబ్రవరిలో ఓడ వెళ్ళిపోయాక మళ్ళీ డిసెంబరులో వచ్చేదాకా ఉల్లిపాయ దగ్గర్నుంచి ఉప్పు దాకా ఉన్నదాంతోనే నెట్టుకురావాలి. అన్నం కాస్త మెత్తబడినా ఊరుకునే మనుషులు క్యాబేజీకి కారం పూసి ఊరబెట్టే కిమ్చీ చెడితే మాత్రం ఊరుకోరు. అందుకే సామాన్ల కొట్టులో వరసగా నిలబెట్టిన నాలుగు కిమ్చీ ఫ్రిజ్‌ల జోలికి అతను ఎవర్నీ రానిచ్చేవాడు కాదు. స్టేషన్ లీడర్ ప్యో అంతటి మనిషి కూడా కిమ్చీ కావాలంటే గిన్నె పట్టుకుని వచ్చి అడగవలసిందే.

అలాంటి ఫ్రిజ్‌లో పక్షిరెట్ట పెట్టుకుంటానని మే నెలలో ఒక అమ్మాయి వచ్చి అడిగింది.

ఆమె పేరు హేవన్. ముప్పై రెండేళ్ళు. చూడటానికి గాలికి కొట్టుకుపోయేలా ఉంటుంది గానీ ఒకటి పట్టుకుందంటే వదిలే రకం కాదు. పెంగ్విన్ల రెట్ట పడిన మట్టిలో సూక్ష్మజీవులు ఏం తింటాయో, ఎంత తింటాయో చూడటం ఆమె ఉద్యోగం. వేసవిలో పెంగ్విన్లు గూళ్ళు పెట్టే వాలు మీద మట్టి తవ్వి తెచ్చి నలభై ఎనిమిది గాజు సీసాల్లో నింపుకుంది. వాటిని మైనస్ ఒక డిగ్రీ దగ్గర, అటూ ఇటూ కదలకుండా, రెండొందల రోజులు ఉంచాలి. ల్యాబ్‌లో అందుకోసం ఉన్న చలిపెట్టె సరిగ్గా అరవయ్యో రోజున కాలిపోయింది. గంటగంటకూ చలి ఎంతో రాసుకునే చిన్న యంత్రం దాని లోపలే ఉండేది, అదీ పోయింది. విడిభాగాలు రావాలంటే డిసెంబరు ఓడే దిక్కు. బయట మంచులో పెడదామా అంటే చలి పూటకో రకంగా ఉంటుంది. మైనస్ ఒకటి దగ్గర నెలల తరబడి నిలకడగా ఉండే వస్తువు ఆ దీవి మొత్తం మీద కిమ్చీ ఫ్రిజ్ ఒక్కటే.

ఆమె పొద్దున టిఫిన్ల దగ్గర అందరి ముందూ అడిగింది. చెంచాలన్నీ ఎక్కడివక్కడ ఆగిపోయాయి.

“డాక్టరమ్మా, మీ ఇంట్లో మరుగుదొడ్డి పక్కనే మంచినీళ్ళ బిందె పెట్టుకుంటారా?” అన్నాడు చాంగ్‌మాన్.

“సీసాలకి మూతలున్నాయి మాస్టారూ. గట్టిగా బిగించినవి.”

“మూత మా అత్తగారి నోటికీ ఉంది. ఏం లాభం?”

జనరేటర్లు చూసుకునే మాన్‌బోక్ పక్కనుంచి, “పెట్టనీ అన్నా, నీ కిమ్చీకి కొత్తగా పోయే రుచేముంది?” అని అందుకున్నాడు. అందరూ నవ్వారు. చాంగ్‌మాన్‌కి ఒళ్ళు మండింది. చివరికి ప్యో కలగజేసుకుని, నాలుగో ఫ్రిజ్ ఖాళీ చేసి హేవన్‌కి ఇవ్వమని, మిగతా మూడింట్లో కిమ్చీ సర్దుకోమని తేల్చి చెప్పాడు. లీడర్ మాట మాటే. చాంగ్‌మాన్ ఫ్రిజ్ ఖాళీ చేశాడు, మూడో ఫ్రిజ్‌కీ నాలుగో ఫ్రిజ్‌కీ మధ్య నేల మీద ఎర్ర టేపు అంటించాడు, రెండు రోజుల పాటు హేవన్ సూప్‌లో నువ్వుల నూనె వెయ్యడం మానేశాడు. ఆ పిల్లకి ఆ తేడా తెలియనే లేదు. ఏం పెట్టినా పుస్తకం చదువుకుంటూ తినేసే మనుషుల మీద అలగడం అంత దండగ పని ఇంకోటి లేదు.

మూడో వారంలో అలక వదిలింది. అతను కిమ్చీ తీసుకోవడానికి కొట్టులోకి వెళ్ళేసరికి హేవన్ ఎర్ర టేపు అవతల చతికిలబడి సీసాలు ఒక్కొక్కటే తెరిచి, చిటికెడు మట్టి తీసి గొట్టాల్లో వేసుకుంటోంది. ఘాటు వచ్చి ముక్కుకి తగిలింది. చాంగ్‌మాన్ అక్కడే ఆగిపోయాడు. ఆ ఘాటు అతనికి కొత్తది కాదు. పుట్టి పెరిగిన హుక్సాన్ దీవిలో ప్రతి ఇంటి పెరట్లోనూ ఆ వాసనే.

“ఇది అమోనియా కదూ,” అన్నాడు. “మా ఊళ్ళో టేకు అని బల్లపరుపు చేప ఉంటుంది, దాన్ని జాడీలో ఎండుగడ్డి వేసి పెడతాం. పది రోజులకి అచ్చం ఇలాగే అవుతుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగితే అప్పుడు తింటాం.”

హేవన్ తలెత్తి చూసింది. మొదటిసారి ఆ పిల్ల మొహంలో పుస్తకం కానిదేదో కనిపించింది. కూర్చోమంది. అతను ఉల్లిపాయల బస్తా మీద కూర్చున్నాడు. రెట్టలో తెల్లగా కనిపించేది యూరిక్ ఆమ్లమని, పక్షులకి మూత్రం వేరే ఉండదు కాబట్టి అదీ ఇదీ కలిసే పడుతుందని, అది నీళ్ళకి కరిగే రకం కాదని ఆమె చెప్పింది. వేడి దేశాల్లో నాలుగు రోజుల్లో మాయమైపోతుంది. ఇక్కడ ఏడాదిలో ఎక్కువ భాగం నేల గడ్డకట్టే ఉంటుంది, అయినా వేల ఏళ్ళుగా పెంగ్విన్లు రెట్ట వేస్తున్న వాలు తెల్లటి గుట్టలా తయారవలేదు. అంటే ఎవరో శుభ్రం చేస్తున్నట్టేగా. మొదట ఒక జాతి సూక్ష్మజీవులు యూరిక్ ఆమ్లాన్ని విరగ్గొట్టి వదిలేస్తాయి. వాటి ఎంగిలిని ఇంకో జాతి తిని యూరియా చేస్తుంది. దాన్ని మూడో జాతి అమోనియా చేస్తుంది. ఆ అమోనియాని నాలుగోది నైట్రేట్ చేస్తే, దాన్ని నాచు తిని పచ్చగా పెరుగుతుంది. దీవిలో పచ్చగా కనిపించే నాచంతా పెంగ్విన్ల వాలుకి గాలివాటునే ఉంటుంది, గమనించారా అని అడిగింది. గమనించలేదని అతను ఒప్పుకున్నాడు.

“మరి చలికాలంలో ఇవన్నీ పని చేస్తాయా, పడుకుంటాయా?”

“అదే మాస్టారూ నా ప్రశ్న,” అంది హేవన్. “పని చేస్తే ఏ మెట్టు దాకా చేస్తాయి, ఏ మెట్టు దగ్గర ఆగిపోతాయి అని. అందుకే రెండొందల రోజులు.”

కిమ్చీ కూడా అంతేనని చాంగ్‌మాన్ చెప్పాడు. మొదటి రోజుల్లో పని చేసేవి వేరు, పులుపెక్కాక వచ్చేవి వేరు. మొదటివి పుల్లబెట్టి పుల్లబెట్టి ఆ పులుపులోనే తాము బతకలేక పోతాయి. టేకు చేపలో కూడా యూరియానే అమోనియా అవుతుంది. చలికాలంలో జాడీలో నిదానంగా మాగిన చేప వాసన గుండ్రంగా, లోపలికి దిగేలా ఉంటుంది. తొందరపడి పేడకుప్పలో పాతిపెట్టి వేడికి మాగించిన చేప వాసన సూదిలా పైకి పొడుస్తుంది. రెండూ ఘాటే. కానీ తెలిసినవాడి ముక్కుకి రెండూ ఒకటి కావు. హేవన్ నమ్మలేదు. తేదీలు కనపడకుండా, ఇదివరకు వారం వారం తీసి దాచిన మట్టి గొట్టాలు ఇచ్చి, ఏది ఎన్ని వారాలదో వాసన చూసి చెప్పమంది. ఆరు ఇస్తే అయిదు సరిగ్గా చెప్పాడు. ఆనాటి నుంచి వారం వారం ఆమె సీసాలు తెరిచినప్పుడల్లా అతనూ వెళ్ళి వాసన చూసి రావడం అలవాటైంది. మే నెలలో మీరు అన్నవాడు జూన్‌కల్లా నువ్వులోకి దిగాడు.

ఒకసారి మాటల్లో ఆమె తన ఉద్యోగం సంగతి చెప్పింది. ఇంచాన్‌లోని సంస్థలో ఆమెది కాంట్రాక్టు. డిసెంబరుతో అయిపోతుంది. ఈ చలికాలం సీసాల్లోంచి చెప్పుకోదగ్గదేదైనా బయటపడితే రెండేళ్ళు పొడిగిస్తారు. లేకపోతే ఇంటికే. ఇంతకు ముందు ఇలాగే రెండు చోట్ల కాంట్రాక్టు అయిపోయి బయటికి వచ్చింది. మూడోసారి కూడా అయితే ఈ రంగంలో తనని ఇంకెవరూ తీసుకోరని, వాళ్ళ నాన్న దగ్గర చెప్పుల కొట్లో కూర్చోవాలని నవ్వుతూ చెప్పింది. నవ్వు మొహం మీదే ఉంది, లోపల లేదు. అది చాంగ్‌మాన్‌కి అర్థమైంది.

జులై ఆఖరి శనివారం స్టేషన్ అంతా కలిసి కిమ్చీ పెట్టింది. కాగితాల్లో చుట్టి దాచిన అరవై పొడుగు క్యాబేజీలే మిగిలాయి, అవి కూడా పైన రేకులు వాడిపోతున్నాయి. డైనింగ్ హాల్లో ప్లాస్టిక్ పరిచి పద్దెనిమిది మందీ కూర్చుని కారం పూశారు. హేవన్ మోచేతుల దాకా ఎర్రగా చేసుకుంది. మాన్‌బోక్ పూసినదానికంటే తిన్నదే ఎక్కువ. సాయంత్రానికల్లా టబ్బులన్నీ నిండాయి. అప్పటికే గాలి లేచింది, రేడియో గదిలోంచి తుఫాను కబురు వచ్చింది. చాంగ్‌మాన్, మాన్‌బోక్ ఇద్దరూ టబ్బులని స్లెడ్జి మీద పెట్టి కొట్టుకి ఈడ్చుకెళ్ళి మూడు ఫ్రిజ్‌లలో సర్దారు.

కొత్త కిమ్చీని అలాగే చల్లగా పెడితే ఊరదు. అందుకే ఆ ఫ్రిజ్‌లకి ఊరబెట్టే బటన్ ఒకటి ఉంటుంది. అది నొక్కితే లోపల పదిహేను డిగ్రీల దాకా వేడెక్కి, రెండు రోజులు అలా ఉండి, తర్వాత దానంతటదే మళ్ళీ చల్లబడుతుంది. పని అయిపోయిందని తలుపు మీద పచ్చ దీపం వెలుగుతుంది. ఎవరైనా వచ్చి నొక్కితేనే అది ఆరుతుంది. చాంగ్‌మాన్ హోటళ్ళలో, ఓడల మీద, ఇక్కడ, ముప్పై ఏళ్ళుగా ఈ బటన్లు నొక్కుతూనే ఉన్నాడు. మాన్‌బోక్ తలుపు దగ్గర, దారి తప్పకుండా వంటింటి దాకా కట్టిన తాడు పట్టుకుని నిలబడి, గాలికి తాడు ఊగిపోతోంది అన్నా, రా అని కేకలు వేస్తున్నాడు. చాంగ్‌మాన్ వరస వెంట నడుచుకుంటూ బొటనవేలితో టక్ టక్ నొక్కుకుంటూ పోయి, కొట్టులో లైటు ఆర్పి తలుపు వేశాడు.

తుఫాను శనివారం రాత్రి పట్టుకుని మంగళవారం తెల్లవారేదాకా వదల్లేదు. అంతసేపూ బయట అడుగు పెట్టకూడదని లీడర్ ఆజ్ఞ. మంగళవారం గాలి తగ్గాక అందరికంటే ముందు హేవన్ తాడు పట్టుకుని కొట్టుకి వెళ్ళింది. చాంగ్‌మాన్ వంటింటి తలుపు ముందు నడుము లోతు మంచు తవ్వుకుంటూ ఉండిపోయాడు. అతను వెళ్ళేసరికి మధ్యాహ్నం దాటింది. మొదటి మూడు ఫ్రిజ్‌ల మీద పచ్చ దీపాలు వెలుగుతున్నాయి. ఆర్పి, కిమ్చీ రుచి చూసి, బాగా ఊరిందని సంతోషపడి వచ్చేశాడు.

బుధవారం భోజనాల దగ్గర హేవన్ చేతిలో కాగితంతో వచ్చింది. చెంపలు ఎర్రబడి ఉన్నాయి. సీసాల్లో అమోనియా ఎనిమిది వారాల్లో ఎంత పెరిగేదో అంత ఒక్క వారంలో పెరిగిందని చెప్పింది. చలిలో సూక్ష్మజీవులు పడుకున్నాయని అందరూ అనుకుంటున్నారు గానీ అవి పడుకోలేదు, కొన్ని నెలలు బలగం కూడదీసుకుని ఒక్కసారిగా పనిలోకి దిగాయి కాబోలు అని చెప్పింది. ప్యో లేచి చప్పట్లు కొట్టాడు. మాన్‌బోక్, “పెంగ్విన్ దొడ్లు కడిగేవాళ్ళకి బోనస్ ఇప్పించండి లీడర్ గారూ” అన్నాడు. ఇంచాన్‌లో ఆమె పై అధికారి ప్రొఫెసర్ నామ్‌గుంగ్‌కి అదే రోజు మెయిల్ వెళ్ళింది. పై శుక్రవారం తెర మీద మాట్లాడతానని ఆవిడ జవాబిచ్చింది. చాంగ్‌మాన్ ఆ పూట హేవన్ కోసం ఒక చేప ముక్క ఎక్కువ వేయించాడు. ఆమె మాట్లాడుతున్నంతసేపూ అన్నం గిన్నెకేసే చూస్తూ ఉండటం గమనించాడు గానీ, సంతోషం ఎక్కువైతే కొందరు అలాగే ఉంటారులే అనుకున్నాడు.

గురువారం కిమ్చీ కోసం వెళ్ళినప్పుడు, ఈ ఘనకార్యం వాసన ఎలా ఉందో చూద్దామని నాలుగో ఫ్రిజ్ తెరిచాడు. ఒక సీసా మూత వదులు చేసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఘాటు సూదిలా పైకి పొడిచింది. ఇంకోటి తీశాడు. అదీ అంతే. పేడకుప్పలో మాగిన చేప వాసన. చలిలో మాగినది కాదు ఇది, ఎంత మాత్రం కాదు.

మూత పెట్టేసి బస్తా మీద కూలబడ్డాడు. శనివారం సాయంత్రం బొటనవేలు నొక్కుకుంటూ పోయినప్పుడు బటన్ నొక్కిన ప్రతిసారీ ఫ్రిజ్ టింగుమంది. ఎన్ని టింగులు విన్నాడు? మూడా, నాలుగా? ముప్పై ఏళ్ళ అలవాటు ఎర్ర టేపు చూస్తుందా? అంతలోనే ఇంకో ఆలోచన వచ్చింది. నొక్కి ఉంటే మంగళవారం నాలుగో ఫ్రిజ్ మీద కూడా పచ్చ దీపం వెలుగుతూ ఉండాలి కదా. మూడే వెలిగాయి, నాలుగోది వెలగలేదు, తన కళ్ళతో తను చూశాడు. కాబట్టి నొక్కలేదు. ముక్కుకి జలుబు చేసి ఉంటుంది. అలా తనకి తను సర్దిచెప్పుకుని లేచి వచ్చాడు.

జలుబు లేదని అతనికి తెలుసు. ఆ వారం అతని వంట అడుగంటింది. సోయా పులుసులో ఉప్పు రెండుసార్లు వేశాడు. అన్నం మాడింది. మాన్‌బోక్ తిట్టాడు, ప్యో కూడా మొహం చిట్లించాడు. హేవన్ ఒక్కతే, బాగుంది మాస్టారూ అని గిన్నె ఖాళీ చేసింది. అది చూస్తే అతనికి ఇంకా బాధేసింది. చెబితే ఆ పిల్ల చలికాలమంతా మట్టిలో కలుస్తుంది, ఉద్యోగం పోతుంది, దానికి కారణం తన బొటనవేలు. చెప్పకపోతే తన బటన్ వేడికి పుట్టిన అంకెలు చలివని చెప్పుకుని ఇంచాన్ దాకా పోతాయి, పుస్తకాల్లోకి ఎక్కుతాయి, రేపు ఇంకెవరో వాటిని నమ్ముకుని ఇంకో దీవికి వెళ్ళి చలిలో సీసాలు పెట్టుకుని కూర్చుంటారు. చదువుకోనివాడే గానీ, పాడైన సరుకుకి మంచి సరుకని చీటీ అంటించడం అతను ఏ హోటల్లోనూ చెయ్యలేదు.

కాల్ రేపు అనగా, పై గురువారం మధ్యాహ్నం, అందరూ తిని వెళ్ళాక హేవన్ గిన్నె పెట్టడానికి వంటింట్లోకి వచ్చింది. చాంగ్‌మాన్ కత్తి పక్కన పెట్టాడు.

“డాక్టరమ్మా, కూర్చో. కిమ్చీ పెట్టిన రోజు నీ ఫ్రిజ్ బటన్ కూడా నేను నొక్కేశాను. రెండు రోజులు నీ సీసాలు పదిహేను డిగ్రీల్లో ఉన్నాయి. నీ అంకెలు చలివి కావు.”

హేవన్ గిన్నెని తొట్టిలో పెట్టింది.

“దీపం వెలగలేదు కదా, నొక్కలేదేమోలే అని వారం రోజులుగా నన్ను నేనే మభ్యపెట్టుకున్నా. ముక్కు ఒప్పుకోవట్లేదు. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం.”

“దీపం వెలిగింది మాస్టారూ,” అంది హేవన్. “నేనే ఆర్పేశాను.”

అతనికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ఆమె స్టూలు మీద కూర్చుని చెప్పుకుపోతోంది. మంగళవారం కొట్టు తలుపు తీసేసరికి నాలుగు పచ్చ దీపాలు వరసగా వెలుగుతున్నాయి. లోపల థర్మామీటరు మైనస్ ఒకటే చూపిస్తోంది. ముందు కొలతలు తీసి, తర్వాత పుస్తకంలో ఈ సంగతి రాసుకుందామనుకుని దీపం ఆర్పింది. కొలతలు వచ్చాయి. అలాంటి అంకెలు జన్మలో చూడలేదు. కాసేపు, ఒక్క పూట, అవి నిజమే అనుకుందామనుకుంది. ఆ పూట రాయలేదు. మర్నాటికి అందరికీ చెప్పేసింది. చెప్పాక ఇక వెనక్కి తీసుకోవడం చేతకాలేదు.

చాంగ్‌మాన్‌కి కోపం తన్నుకొచ్చింది.

“వారం రోజులుగా నేను నిద్ర లేకుండా చస్తున్నా. ఉప్పెక్కువైందని లోకమంతా తిడుతుంటే నువ్వొక్కదానివి బాగుంది మాస్టారూ అని తిన్నావు.”

“మీకు తెలిసిపోయిందని నాకు ఆ ఉప్పుతోనే అర్థమైంది.”

“మరి నేను చెప్పకపోతే నువ్వు చెప్పేదానివేనా?”

హేవన్ కిటికీకేసి చూసింది. తెలీదు మాస్టారూ అంది. ఏడవలేదు. ఏడ్చి ఉంటే అతనికి కాస్త తేలికగా ఉండేది. చెప్పుల కొట్లో కూర్చున్న ఆ పిల్ల కళ్ళ ముందు కనపడింది, కోపం కొద్దికొద్దిగా దిగిపోయింది. అతను టీ పెట్టి ఇచ్చి, నెమ్మదిగా ఒక ఉపాయం చెప్పాడు. రేపు అంకెలు తప్పని చెప్పెయ్యి. వంటవాడి చెయ్యి పడిందని, ఆ సంగతి ఇవాళే తెలిసిందని చెప్పు. దీపం మాట మన ఇద్దరి మధ్యే ఉండనీ. బటన్ నొక్కినందుకు వంటవాడి ఉద్యోగం పోదు, దీపం ఆర్పినందుకు నీది మాత్రం పోతుంది. హేవన్ టీ తాగింది గానీ, సరేననలేదు, కాదనలేదు.

శుక్రవారం పదకొండు గంటలకి డైనింగ్ హాల్లో పెద్ద తెర పెట్టారు. స్టేషన్‌కి ఇంత పేరు రావడం మాటలా అని ప్యో అందర్నీ రమ్మన్నాడు. చాంగ్‌మాన్ బియ్యప్పిండి రొట్టెలు చెయ్యవలసి వచ్చింది, చేశాడు గానీ ఎవరికీ వడ్డించకుండా బల్ల మీదే ఉంచి, వంటింటి గుమ్మంలో వెల్లుల్లి ఒలుస్తూ నిలబడ్డాడు. తెర మీద నామ్‌గుంగ్ కనిపించింది. అరవై దాటిన మనిషి, తెల్ల జుట్టు, పెద్ద కళ్ళజోడు. ముందుగా ఆవిడే మాట్లాడింది. నిన్న ఉద్యోగాల కమిటీలో హేవన్ పేరు తనే ఎత్తానని, అందరూ ఒప్పుకున్నారని, వచ్చే రెండేళ్ళ ఉద్యోగం దాదాపు ఖాయమనుకోవచ్చని చెప్పింది. హాల్లో చప్పట్లు మోగాయి.

చప్పట్లు ఆగేదాకా హేవన్ ఊరుకుంది.

“మేడమ్, ఆ అంకెలు తీసెయ్యాలి. మధ్యలో రెండు రోజులు ఫ్రిజ్ వేడెక్కింది. అవి చలిలో వచ్చినవి కావు.”

ఎలా వేడెక్కిందని నామ్‌గుంగ్ అడిగింది. హేవన్ నోరు తెరిచింది, మాట రాలేదు. ఆ ఒక్క క్షణం చాంగ్‌మాన్ చూడలేకపోయాడు. వెల్లుల్లి చేతులు ఏప్రాన్‌కి తుడుచుకుంటూ వెళ్ళి కెమెరా ముందు నిలబడ్డాడు.

“నేనే నొక్కానమ్మా. వంటవాణ్ణి. కిమ్చీ ఊరబెట్టే బటన్, పొరపాటున. నిన్ననే చెప్పాను. అప్పటిదాకా పాపం ఈ అమ్మాయికి ఏమీ తెలీదు.”

నామ్‌గుంగ్ కళ్ళజోడు సవరించుకుని అతన్ని చూసింది. నిజం చెప్పినందుకు సంతోషమని, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయని, హేవన్ తప్పేం లేదు కాబట్టి కమిటీకి తను నచ్చజెప్పుకుంటానని అంది. చాంగ్‌మాన్ ఊపిరి పీల్చుకున్నాడు.

“తెలుసు మేడమ్,” అంది హేవన్.

“ఏమిటి?”

“నాకు తెలుసు. మొదటి రోజే చూశాను. ఫ్రిజ్ మీద దీపం వెలుగుతుంటే ఆర్పేశాను. మాస్టారు నా కోసం అబద్ధం చెబుతున్నారు.”

చాంగ్‌మాన్‌కి ఆ అమ్మాయి నోరు చేత్తో మూసెయ్యాలనిపించింది. తెర మీద నామ్‌గుంగ్ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

“ఎన్ని రోజులైంది?”

“పది.”

“ఈ పది రోజులూ ఏం చేశావమ్మా?”

“సంతోషంగా ఉన్నాను మేడమ్,” అంది హేవన్. “చాలా సంతోషంగా ఉన్నాను. అందుకే చెప్పలేకపోయాను.”

ఇప్పుడు చెప్పిందంతా అక్షరం పొల్లుపోకుండా రాసి హేవనే కమిటీకి పంపాలని, ఇక తను చెయ్యగలిగింది లేదని నామ్‌గుంగ్ అంది. గొంతులో కోపం లేదు, అలసట ఉంది. తెర నల్లబడ్డాక అందరూ తలలు వంచుకుని ఒక్కొక్కరే లేచిపోయారు. చాంగ్‌మాన్‌కి పద్దెనిమిది మంది ముందు అబద్ధమాడి దొరికిపోయిన సిగ్గుంది. దానికంటే ఎక్కువగా, తన కూతురి వయసు పిల్ల తనకి చేతకానిది చేసిందన్న గర్వం ఉంది. ఆ గర్వం ఆమెకి చెప్పాలనుకున్నాడు, చెప్పడం రాక, “ఎందుకు చెప్పావే పిచ్చిదానా” అన్నాడు.

“మీకు అబద్ధం చెప్పడం రాదు మాస్టారూ,” అంది ఆమె. “చెవులు ఎర్రబడిపోయాయి.”

ఆ మధ్యాహ్నమే కమిటీకి ఉత్తరం రాసి పంపింది. సోమవారం డీప్ ఫ్రీజర్‌లో మిగిలిన మట్టితో ఇరవై నాలుగు కొత్త సీసాలు మొదలుపెట్టింది. ఓడ వచ్చేలోగా వాటికి నూట ఇరవై రోజులు కూడా నిండవని, వాటి వల్ల తనకి ఒరిగేదేం లేదని ఆమెకి తెలుసు. సెప్టెంబరులో, ఆ ఉద్యోగం వేరొకరికి ఇచ్చామని ఇంచాన్ నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది. హేవన్ దాన్ని వంటింట్లోకి తెచ్చి చాంగ్‌మాన్‌కి చదివి వినిపించి, సీసాలు తెరిచే వేళయిందని, వాసన చూడటానికి రమ్మని పిలిచి కొట్టు వైపు నడిచింది.